క్లియర్ అంటే ఏందే బిడ్డా

నేను పనిచేసే బడి బాచుపల్లిలో ఉంది. ఆరో తరగతికి తెలుగు చెప్తాను. ఈ ఏడు బడి తెరిచినప్పుడు మా పక్క గదికి లెక్కలు చెప్పడానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. పాఠం అవగానే గొంతు పెంచి "క్లియర్?" అంటుంది. నలభై మంది పిల్లలు ఒక్క గొంతుతో "క్లియర్ మేడమ్!" అని అరుస్తారు. రెండు గదుల మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ.

మొదటిసారి ఆ కేక విన్నప్పుడు బోర్డు మీద నా చేయి ఆగిపోయింది. ముందు వరసలో పాప "ఏమైంది మేడమ్?" అని అడిగింది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ కేకకూ ఆ తర్వాత రావలసిన చప్పుడుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో నా ఒంటికి ఇంకా జ్ఞాపకం ఉంది. చప్పుడు రాలేదు. అటువైపు పిల్లలు పుస్తకాలు మూసుకుంటున్నారు, అంతే.

ఇన్నేళ్లుగా పాఠాలు చెప్తున్నాను, నా తరగతిలో ఆ మాట ఒక్కసారీ అడగలేదు. ఒక్కొక్కరినీ లేపి "నీకేం తెలిసిందో నీ మాటల్లో చెప్పు" అంటాను. పిల్లలు విసుక్కుంటారు. ఇలా అయితే పాఠాలు ఎప్పటికి పూర్తవుతాయని ప్రిన్సిపాల్ గారు ఒకసారి నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఎందుకలా అడుగుతానో ఆయనకు చెప్పలేదు. మా ఇంట్లో వాళ్లకూ చెప్పలేదు.

మాది కొండాపూర్ దాటాక బండల మధ్య ఉండే చిన్న వాడ. ఇరవై గుడిసెలు, ఒక చేదబావి. ఇప్పుడక్కడ గాజు మేడలు, వాటి కింద మూడంతస్తుల లోతున కార్లు పెట్టుకునే గుంతలు. అప్పుడు చూసినంత మేరా రాయే. ఎవరో పేర్చుతూ పేర్చుతూ మధ్యలో లేచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి బండలు. మేం పిల్లలం వాటికి పేర్లు పెట్టుకున్నాం. రొట్టె బండ, దూడ బండ, పండుకున్న ముసలమ్మ. వానలు వెనకబట్టాక ఆ సందుల్లో సీతాఫలాలు కాసేవి. కాయ కన్ను విచ్చుకోగానే కోసి జొన్నచొప్పలో దాచి మగ్గబెట్టేవాళ్లం. ఎవరి కాయలు ఎక్కడ దాచారో వాసన పట్టి కనిపెట్టడం, దొంగిలించి తిని గింజలు వాళ్ల గుమ్మం ముందే ఉమ్మి రావడం మా పని.

ఇంటి బతుకంతా రాయితోనే. నాన్న రాళ్ల లారీ మీద పోయేవాడు, వారానికి రెండు రోజులే ఇంటిపట్టున ఉండేవాడు. అమ్మ, చిన్నత్త, వాడలో తక్కిన ఆడవాళ్లు తట్టలతో రాయి మోసేవాళ్లు. చిన్నత్త అంటే నాన్న చెల్లెలు. మనువాడిన రెండేళ్లకే మొగుడు జబ్బు చేసి పోతే మా ఇంటికే తిరిగి వచ్చింది. నోరు గలది. ఆమె ఉన్న చోట నవ్వు ఉండేది. పనిలో ఆడవాళ్లందరూ ఆమె ఎటు నడిస్తే అటు నడిచేవాళ్లు.

మా తాత బారూద్ పెట్టేవాడు. బండకు శానంతో రంధ్రం తొలిచి, అందులో మందు కూరి, వత్తి పెట్టి, నోట్లో బీడీ తీసి అంటించేవాడు. అంటించే ముందు "బారూద్!" అని మూడుసార్లు అరిచేవాడు. ఆ గొంతుకు కోళ్లు కూడా గంప కిందికి దూరేవి. మాకు నడక వచ్చినప్పటి నుంచి ఒకటే నేర్పాడు.

"బారూద్ అన్న మాట ఇనబడితే ఆలోచన చెయ్యొద్దు బిడ్డా. ఏ బండ దొరికితే ఆ బండ ఎనక పండాలె. ఆలోచన పండినంక చేస్కో."

ఆటల్లో కూడా అకస్మాత్తుగా అరిచి, ఎవరు ఆలస్యంగా పడుకున్నారో చూసి చెవి మెలేసేవాడు. నిజంగా పేల్చినప్పుడు చప్పుళ్లను వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. నాలుగు పెడితే నాలుగూ వినబడాలి. మూడే వినబడితే ఇక ఎంత పొద్దుపోయినా ఎవరినీ అటు పోనిచ్చేవాడు కాదు. లెక్క సరిపోయాక తానొక్కడే దిగి, రాళ్లను సమ్మెటతో తట్టి చూసి, పైకి వచ్చి "ఇగ రాండ్రి" అనేవాడు. ఆ మాట వినందే మా వాడలో ఎవరి కాలూ కదిలేది కాదు.

ఆ ఏడు ఎండలు తగ్గుతుండగా పెద్ద రోడ్డు వస్తుందన్నారు. ఎవరో వచ్చి బండల మీద తెల్ల సున్నంతో గీతలు గీసి పోయారు. రొట్టె బండ మీద ఒక గీత, పండుకున్న ముసలమ్మ మెడ మీద ఒక గీత. మేం దాన్ని చూసి నవ్వుకున్నాం. తాత నవ్వలేదు. ఆ గీతల వెంట చివరిదాకా నడిచి చూసి వచ్చాడు.

నెల తిరక్కముందే కంప్రెసర్ బండి వచ్చింది. తాత రోజంతా తొలిచే రంధ్రం అది పావుగంటలో తొలిచేది. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా దాని మోత. ఆ మోతకు మొదట కౌజు పిట్టలు పోయాయి. ఒక తెల్లారి లేచేసరికి బండల్లో ఒక్క పిట్ట గొంతు లేదు. తర్వాత పాములు సందులు విడిచి వాడలోకి రాసాగాయి. అమ్మ పొయ్యి వెనక ఒకటి, బావి గట్టు మీద ఒకటి. సీతాఫలాలు కన్ను విచ్చకుండానే దుమ్ము పట్టి నల్లబడి రాలిపోయాయి. నూరిన కారం మీద దుమ్ము, రొట్టెలో దుమ్ము. నమిలితే పళ్ల కింద కరకరమనేది.

"లోపట రాయి కదిలింది," అన్నాడు తాత. "అది ఎటు దుంకుతదో ఇగ నాకు గూడ తెల్వది."

బండితోపాటే సూపర్‌వైజర్ సారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. పాతికేళ్లు ఉంటాయేమో. చందానగర్‌లో గది కిరాయికి తీసుకుని రోజూ స్కూటర్ మీద వచ్చేవాడు. చొక్కా ఎప్పుడూ తెల్లగా ఉండేది, సాయంత్రానికి మా అందరి బట్టల రంగే అయ్యేది. ఎవరినీ కసిరేవాడు కాదు. తాతను కూడా "పెద్దాయనగారూ, మీరు నీడలో కూర్చుని పారలూ గడ్డపారలూ చూసుకోండి చాలు" అని మర్యాదగానే పక్కన కూర్చోబెట్టాడు. వాళ్ల అమ్మ పంపిన సున్నుండలు డబ్బాలో తెచ్చి మా పిల్లలకు తలా ఒకటి పెట్టాడు. అంత నెయ్యి వాసన మా చేతులకు ఎప్పుడూ అంటలేదు. ఆ రోజంతా చేతులు కడుక్కోకుండా తిరిగాం.

ఆయన పద్ధతిలో వత్తి లేదు, బీడీ లేదు. రంధ్రాల నుంచి సన్న తీగలు వచ్చేవి. వాటిని కలిపి పాత మట్టిబాట అవతలి బండ చాటున ఒక డబ్బాకు తగిలించేవాడు. డబ్బా పిడి తిప్పితే అన్నీ పేలేవి. అక్కడి నుంచి ఆయనకు రాయి తీసే గుంత కనబడదు. అందుకని ఎర్ర జెండా పట్టుకుని ఒక మనిషి గుంత అంచున నిలబడేవాడు. సారు అటు నుంచి "క్లియర్?" అని అరిస్తే, జెండా మనిషి గుంతలోకి ఒకసారి చూసి "క్లియర్!" అని తిరిగి అరిచేవాడు. అప్పటికే ఆడవాళ్లను దూరంగా పంపేసేవారు కాబట్టి ఆ మాటలు వాళ్ల దాకా వచ్చేవి కావు.

పేలాక తీగ ముక్కలు మిగిలేవి, ఎర్రవి, పసుపువి. మేం వాటిని ఏరుకుని గాజులు అల్లేవాళ్లం. చిన్నత్తకు ఒక జత అల్లి ఇచ్చాను. తాత చూసి ఆమె చేతి నుంచి లాగి పొయ్యిలో వేశాడు. "సావును చేతికి తొడుక్కుంటవా?" అన్నాడు. కాలిన తీగ కంపు గుడిసె నిండా పట్టింది. మర్నాడు ఆమె కళ్లతోనే నవ్వుతూ మళ్లీ అల్లి పెట్టమంది. పెట్టాను. తాత కంట పడకుండా చీర కొంగు కింద దాచుకుంది.

సారు నోట ఆ ఒక్క మాటే రోజంతా వినబడేది. "ముందు ఆ లారీని క్లియర్ చేయండి." "రేపటికి ఈ గుట్టంతా క్లియర్ అయిపోవాలండి." "మబ్బు లేదు, క్లియర్‌గా ఉంది, పని ఆపక్కర్లేదు." "నిన్ననే క్లియర్‌గా చెప్పాను కదండీ." ఆడవాళ్లకు అది వింతగా ఉండేది. ఒక సాయంత్రం బావి దగ్గర కాళ్లు చేతులు కడుక్కుంటూ అందరూ ఆ మాట పట్టుకుని నవ్వుతున్నారు. చిన్నత్త నన్ను పిలిచింది.

"క్లియర్ అంటే ఏందే బిడ్డా? పొద్దంత గదే అంటడు గా సారు."

వాడలో ఆడపిల్లల్లో అయిదో తరగతి దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆ ఏడే ఇంగ్లీషు మొదలైంది. మా బడి సారు పాఠం అవగానే "క్లియర్?" అనేవాడు. మేం "క్లియర్ సార్!" అనేవాళ్లం. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం అదొక్కటే.

"సమజైందా అని అడుగుడు అత్తా," అన్నాను. "మనకు సమజైతే మనం గూడ క్లియర్ అనాలె."

"మరి లారీని క్లియర్ చెయ్యమంటడు? లారీకి సమజైతదా?"

అందరూ పకపకా నవ్వారు. నా ముఖం మండిపోయింది. రేపు బడి సారును అడిగి చెప్తాను అంటే సరిపోయేది. ఆ మాట నా నోట రాలేదు.

"మా బడిల సారే చెప్పిండు," అన్నాను. మా సారు ఎన్నడూ చెప్పలేదు. "దానికి గదొక్కటే మతలబు. మీకు సదువు రాదు, మీకేం తెలుసు?"

చిన్నత్త నవ్వు ఆపి నన్ను దగ్గరికి లాక్కుంది. "కోపం జెయ్యకే. మా ఇంగ్లీషు బిడ్డ చెప్పింది గదే నిజం. మాక్కూడ నేర్పియ్."

బట్టలుతికే రాయి ఎక్కి నిలబడ్డాను. "క్లియర్?" అని అరిచాను. తడి చేతులతో ఏడుగురు ఆడవాళ్లు "క్లియర్ సార్!" అన్నారు. నాలుగయిదు సార్లు అనిపించాను. చివరికి బడిలో పిల్లల్లాగే ఒక్క గొంతయ్యారు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

అరుగు మీద బీడీ కాలుస్తున్న తాత "ఏందా మొత్తుకోలు?" అని అడిగాడు.

"సారు ఏమన్న చెప్తే సమజైందని గిట్ల చెప్పాల్నట నాయినా," అంది చిన్నత్త.

"సమజైతే తలకాయ ఊపుండ్రి. బండకాడ నోరు లేవొద్దు. ఎవడు ఏమిని ఏం జేస్తడో."

ఆమె నవ్వి బిందె నడుమున పెట్టుకుంది.

మూడో రోజు ఆదివారం. అమ్మకు జ్వరం. పని దగ్గరికి రొట్టెలు, పచ్చిపులుసు నేనే తీసుకుపోయాను. గాలి లేదు. కంప్రెసర్ ఆపేసి ఉంది. ఇన్నాళ్ల మోత తర్వాత ఆ నిశ్శబ్దం చెవులకు బరువుగా ఉంది. గుంతకు ఎగువన, పనిముట్ల దగ్గర, తాత పక్కన కూర్చున్నాను. కింద ఆడవాళ్లు తట్టలు నింపుతున్నారు. వాళ్లకు నాలుగు బారల దూరంలో బండకు తొలిచిన రంధ్రాలు, వాటిలో నుంచి ఎర్రవీ పసుపువీ తీగలు.

సారు గుంత అంచుకు వచ్చాడు. "అమ్మా, ఇవాళ ఇంకొకసారి పేల్చాలి. ఆ తట్టలు అక్కడే దించేసి, అందరూ ఆ పెద్ద బండ అవతలికి వెళ్లిపోండి. ఆలస్యం చేయకండి," అన్నాడు. చెప్పి, జెండా మనిషితో ఏదో అని, తన డబ్బా వైపు నడిచాడు. ఆడవాళ్లు తట్టలు దించడం మొదలుపెట్టారు. ఇంతలో మట్టిబాట మలుపులో పెళ్లివాళ్ల బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. జెండా మనిషి దాన్ని ఆపడానికి ఉరికాడు. గుంత అంచున ఎవరూ లేరు.

బండ చాటు నుంచి సారు గొంతు వచ్చింది. "క్లియర్?"

కింద ఏడుగురూ తలలెత్తారు. తమకు చెప్పింది అర్థమైందా అని సారు అడుగుతున్నాడనుకున్నారు. చిన్నత్త తల మీద చుట్టబట్ట సర్దుకుంటూ నా వైపు చూసింది. చూసి, కన్ను గీటింది.

"క్లియర్ సార్!" అన్నారు, ఒక్క గొంతుతో.

నేను నవ్వాను. నేర్పింది బాగా వచ్చిందని నవ్వాను. ఆ క్షణం నా ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ తెలుసు.

తాతకు ఇంగ్లీషు రాదు. ఆ మాట జెండా మనిషి అనాలని, అది గుంత ఖాళీ అయ్యాకే అనాలని మాత్రం ఆయన నీడలో కూర్చుని రోజూ చూస్తున్నాడు. "ఇంక కిందనే ఉన్నరు గదా," అన్నాడు నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు. మరుక్షణం లేచాడు. అంత వేగంగా లేవడం ఆ వయసులో ఆయనకు ఎలా వచ్చిందో. భుజం మీది ఎర్ర రుమాలు గాలిలో ఊపుతూ గుంత అంచుకు పరుగెత్తాడు.

"బారూద్! బారూద్! బారూద్!"

ఎన్నో నెలలుగా ఆ గొంతు వాడలో వినబడలేదు. కింద ఆడవాళ్లు ఆలోచించలేదు. ఎక్కడున్న వాళ్లు అక్కడే, ఏ రాయి దొరికితే ఆ రాయి వెనక పడ్డారు. నేను కూడా పడ్డాను, ముఖం మట్టిలో పెట్టి. తాత మాత్రం పడుకోలేదు. చిన్నత్త ఒక్కతే తీగలకు మరీ దగ్గరగా ఉంది. ఆమె పడేదాకా ఆయన అరుస్తూనే నిలబడ్డాడు.

నేల లేచి కూర్చుంది. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆరు. తర్వాత చాలాసేపు పైనుంచి రాళ్లు పడుతున్న చప్పుడు, ఆ తర్వాత దుమ్ము, పుల్లటి మందు వాసన. ఎవరూ "రాండ్రి" అనలేదు. అందుకని ఎవరం లేవలేదు.

మొదట వచ్చింది సారే. పొగలోకి ఉరుకుతూ "ఎవరండీ లోపల? ఎవరున్నారండీ? క్లియర్ అన్నారు కదండీ!" అని అరుస్తున్నాడు. ఆయన తెల్ల చొక్కా మీద తాతను ఎత్తుకోవడం చూశాను.

తాత పెద్ద దవాఖానలో మూడు రోజులున్నాడు. రాయి రొమ్ముకు తగిలింది. రెండో రోజు నన్ను లోపలికి పోనిచ్చారు. మాట రావడం లేదు. వేళ్లు కదిలిస్తుంటే ఏం అడుగుతున్నాడో నాకే అర్థమైంది.

"ఏడుగురు తాతా. అందరున్నరు," అన్నాను.

బొటనవేలితో ఒక్కొక్క వేలూ తాకుతూ ఏడు దాకా లెక్కపెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున పోయాడు.

చిన్నత్తకు ఒంటి మీద దెబ్బ ఏమీ లేదు. చెవులు పోయాయి.

పదిరోజుల తర్వాత విచారణ అన్నారు. రేకుల షెడ్డులో బల్ల వేసుకుని ఒక ఆఫీసరు కూర్చున్నాడు. ఒక పక్క సారు నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. నేను అడిగానండి, క్లియర్ అన్నారండి, అందరూ అన్నారండి, నేను స్పష్టంగా విన్నానండి అని ఆయన చెప్పాడు. ఆఫీసరు ఆడవాళ్ల వైపు తిరిగాడు.

అందరికన్నా ముందు నిలబడ్డ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలీసులని భయమో, పని పోతుందని భయమో. "మేమేం అన్లే సారూ," అంది. రెండో ఆమె కూడా అదే అంది. "మాకు ఇంగ్లీషే రాదు. మేం గా మాట ఎట్లంటం సారూ?" ఇక తక్కినవాళ్లకు వేరే మాట మిగల్లేదు. చిన్నత్త చెవుల్లో దూది పెట్టుకుని ఒక మూల కూర్చుని ఉంది. ఎవరి పెదాలు ఎందుకు కదులుతున్నాయో ఆమెకు తెలియడం లేదు.

ఆఫీసరు తల ఊపాడు. నిజమే కదా, బండలు మోసే ఆడవాళ్లకు ఇంగ్లీషు ఎక్కడి నుంచి వస్తుంది. రాసుకున్నాడు.

నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరిచానో, తెరవబోయానో తెలియదు. అమ్మ నా చేతిని వెనకనుంచి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది.

ఆ తర్వాత రెండు రోజులకు సారు మా గుడిసెకు వచ్చాడు. అమ్మ బావికి పోయింది. స్కూటర్ దూరంగా ఆపి నడిచి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం ముందు గొంతుకూర్చుని, నా ముఖానికి సమానంగా తన ముఖం పెట్టాడు. నిద్ర లేని కళ్లు.

"పాపా, ఆ రోజు నువ్వు పైన తాతగారి పక్కనే ఉన్నావు కదా," అన్నాడు.

తల ఊపాను.

"నేను క్లియర్ అని అడిగాను. అటు నుంచి క్లియర్ అన్నారు. ఆడవాళ్ల గొంతులే. అందరూ బండ అవతలికి చేరి చెప్తున్నారనుకున్నాను. సార్ అని కూడా అన్నారు. నాకు వినబడింది." ఆగాడు. "వినబడిందనే అనుకుంటున్నాను. ఎవరూ అనలేదంటున్నారు. వాళ్లకు ఆ మాటే రాదంటున్నారు. నిజమే, వాళ్లకెలా వస్తుంది? నాకే అలా అనిపించిందా పాపా? నువ్వు చెప్పు. ఎవరైనా అన్నారా?"

ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలనూ లేదు. తెలియని లెక్క చూపించి అడిగినట్టు అడిగాడు. వాడలో ఎవరో దగ్గుతున్నారు. నా చేతి మీద అమ్మ గోళ్ల గుర్తులు ఇంకా మానలేదు. వాళ్లన్నారు అంటే, ఎవరు నేర్పారని అడుగుతాడు. తాతను చంపింది నేనని అందరికీ తెలుస్తుంది.

"నాకు తెల్వది," అన్నాను. "నాకేం ఇనబడలే."

ఆయన చెయ్యి ఎత్తి తన చెవిని ఒకసారి ముట్టుకున్నాడు. అది తనదో కాదో చూసుకున్నట్టు. "సరే అమ్మా," అని లేచి పోయాడు. స్కూటర్ స్టార్ట్ చేసిన చప్పుడు చాలాసేపటిదాకా రాలేదు.

ఆయన్ను పనిలోంచి తీసేశారన్నారు. కేసు అయిందన్నారు. మతి చలించి ఊరికి తీసుకుపోయారని లారీ వాళ్లు అన్నారు. ఏది నిజమో తెలియదు. ఇంకొక సారు వచ్చాడు. రొట్టె బండ పోయింది, దూడ బండ పోయింది. ఎండాకాలం రాకముందే మా వాడనూ ఖాళీ చేయించారు. చందానగర్‌లో రేకుల గదిలోకి మారాం. కొన్నాళ్లకు ఆ కొత్త రోడ్డు మీద మొదటి బస్సు నడిచింది. నేను ఎక్కలేదు.

చిన్నత్త మాటకారి అని చెప్పాను కదా. చెవులు పోయాక ఆమె మాట్లాడ్డం తగ్గిపోయింది. మాట్లాడితే గొంతు మరీ పెద్దగా వచ్చేది, జనం తిరిగి చూసేవారు. అపార్ట్‌మెంట్లలో ఊడ్చే పనికి పోయేది. సాయంత్రం వచ్చి గోడకు ఆనుకుని మా పెదాలు చూస్తూ కూర్చునేది. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొద్దిగా వినబడేది. కానీ నేను చెప్పవలసిన మాట అరిచి చెప్పేది కాదు. గోడకవతల గదుల నిండా మా వాడ వాళ్లే ఉన్నారు.

అందుకని ఆమెకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అత్త మీద ఎంత ప్రేమో చూడమన్నారు. రోజూ దీపం పెట్టాక పలక ముందు పెట్టేదాన్ని. రాయి మోసి మొద్దుబారిన వేళ్లు, బలపం మాటిమాటికీ విరిగేది. 'అ' రావడానికి నెల పట్టింది. రెండేళ్లు గడిచేసరికి కూడబలుక్కుని చదవసాగింది. అప్పటికి నాకు పదమూడేళ్లు.

ఒక రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పలక మీద రాశాను. "క్లియర్ అంటే వేరే అర్థాలు కూడా ఉన్నాయి. నాకు తెలియక తప్పు చెప్పాను. మా సారు చెప్పాడన్నది అబద్ధం." పలక ఆమె ఒళ్లో పెట్టి తల వంచుకుని కూర్చున్నాను.

ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. చివరిదాకా చదివి మళ్లీ మొదటి నుంచి చదివింది. కొట్టినా బాగుండునని చూస్తున్నాను. ఆమె నా గదవ పట్టుకుని తల ఎత్తింది.

"గిది నాకెప్పుడో ఎర్కనే," అంది, ఆ పెద్ద గొంతుతో. తర్వాత తనకే జ్ఞాపకం వచ్చి, గొంతు తగ్గించింది. "దవాఖానల పండుకున్న నాడే ఎర్క. నువ్వు చిన్నపోరివి. అడిగింది మేము. గందుకేనా రెండేండ్లు నాకు సదువు చెప్పినవ్?"

తల ఊపాను. ఏడుపు వచ్చేసింది. ఆమె నా ముఖం తుడిచి, ఏదో ఆలోచిస్తూ అడిగింది. "గా సారు ఏమైండు? విచారణల ఏం చెప్పిండ్రు మనోళ్లు? నన్ను ఎవరు ఏం అడగలే, నాకు ఎవరు ఏం చెప్పలే."

అప్పుడు తెలిసింది, ఆమెకు ఆ సంగతే తెలియదని. పలక తుడిచి రాశాను. ఆడవాళ్లు అనలేదన్నారని రాశాను. ఆయన మా గుమ్మం ముందు కూర్చుని అడిగాడని, నాకేం వినబడలేదని చెప్పానని రాశాను. చోటు చాలక పలక రెండో వైపు కూడా రాశాను.

ఈసారి చదవడానికి చాలాసేపు పట్టింది. చదువుతున్న కొద్దీ ఆమె ముఖం మారిపోయింది. తాత పోయినప్పుడు కూడా ఆ ముఖం చూడలేదు.

"నా చెవులు పోయినయ్," అంది. "పోయినయని నాకెర్క. ఆయన చెవులు మంచిగనే ఉండె గదనే. ఉన్న చెవులను నమ్మకుంట చేసినం."

పలక నా చేతిలో పెట్టింది. "ఇది నాకు రాసుడు కాదు బిడ్డా. ఆయనకు రాయి."

రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక, చందానగర్‌లో ఆయన ఉన్న గది వెతుక్కుంటూ పోయాను. ఆ వీధే లేదు. పాత లారీ వాళ్లను అడిగాను, ఆ పనిలో ఉన్న ఆడవాళ్లలో మిగిలిన ఇద్దరినీ అడిగాను, చిన్నత్త ఉన్నన్నాళ్లూ ఆమెనూ అడిగాను. ఆయన ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఆయన పేరూ ఎవరికీ తెలియదు. ఉన్న నాలుగు నెలలూ అందరం ఆయన్ను సారు అనే పిలిచాం.